సముద్రానికి వీపు పెట్టి: గోపాలపూర్‌లో మూడు రాత్రులు, మూడు రగ్బీ మ్యాచ్‌లు

మాది బరంపురం. రైల్వే బోర్డు మీద బ్రహ్మపుర్ అని ఉంటుంది కానీ ఇంట్లో ఇప్పటికీ బరంపురమే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు. "మద్రాసులో పడుకుని ఒరిస్సాలో లేచాం" అని మా తాత చెప్పేవాడు. ఉద్యోగం విశాఖలో అయినా ఏడాదికి రెండుసార్లయినా వస్తుంటాను. కానీ పక్కనే 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న గోపాలపూర్‌లో గది తీసుకుని ఉండటం ఇదే మొదటిసారి. సొంత ఊరి పక్కన ఎవరు మాత్రం అద్దె కడతారు?

ఈసారి కట్టాల్సి వచ్చింది. కారణం మా బామ్మర్ది. వేల్స్ దేశంలోని కార్డిఫ్‌లో రెండేళ్ళు చదువుకుని వచ్చాడు. చదువు సంగతేమో గానీ రగ్బీ పిచ్చి, వేల్స్ జట్టు మీద అభిమానం మాత్రం బాగా అంటించుకొచ్చాడు. 2024 మార్చి 16 శనివారం సిక్స్ నేషన్స్, అంటే ఐరోపాలో ఆరు దేశాలు ఏటా ఆడుకునే రగ్బీ పోటీల ఆఖరి రోజు. మన టైము ప్రకారం రాత్రి ఏడూ ముప్పావుకి వేల్స్ - ఇటలీ, పదింబావుకి ఐర్లాండ్ - స్కాట్లాండ్, ఒకటిన్నరకి ఫ్రాన్స్ - ఇంగ్లాండ్. అర్ధరాత్రి దాటాక అత్తారింటి హాల్లో కూర్చుని అరిస్తే ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలుసు. నాకేమో ఫోటోలు తీయడానికి మార్చి నెల మబ్బులు కావాలి. ఆ వారాంతం ఉరుములతో వానలు పడతాయని వాతావరణ శాఖ ముందే చెప్పింది. "బావా, పగలు నీ మబ్బులు, రాత్రి నా బంతి" అన్నాడు. ఒప్పుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం కార్లో బయల్దేరాం. పెట్రోలు లీటరుకి రెండు రూపాయలు తగ్గింది ఆ రోజే. ఆ ఆనందంలో ఫుల్ ట్యాంకు కొట్టించాడు. పదహారో నంబరు హైవే బాగుంది, ఇచ్ఛాపురం దాటేదాకా చెప్పుకోవాల్సిందేమీ లేదు.

గోపాలపూర్‌లో మేం దిగిన లాడ్జి పేరు రాయను. బీచ్ రోడ్డు మీద మూడంతస్తుల మేడ. సముద్రం కనిపించే గదికి రోజుకి 2,800, వెనకవైపు గదికి 1,900 అన్నారు. ఫోటోలు తీయడానికి వచ్చి వెనక గది తీసుకుంటామా అని ముందు గదే తీసుకున్నాం. ఈ తొమ్మిది వందల సంగతి తరవాత చెప్తాను. గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవే. బాత్‌రూంలో గీజరు ఉంది గానీ నీళ్ళు ఉప్పగా ఉన్నాయి, సబ్బు నురగ రాదు. వైఫై ఉందా అని మూడుసార్లు అడిగాడు మా వాడు. "ఫుల్ స్పీడ్ సార్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఆ కుర్రాడిది తెలుగే. గోపాలపూర్‌లో వేటకి వెళ్ళే కుటుంబాల్లో చాలామంది తెలుగువాళ్ళే కాబట్టి ఒడియా రాకపోయినా ఇక్కడ ఇబ్బంది పడరు.

శనివారం తెల్లవారుజామున ఐదింటికి కెమెరా పట్టుకుని ఇసకలోకి దిగాను. మొదటి తప్పు అక్కడే. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాని ఒక్కసారి తేమ గాలిలోకి తెచ్చేసరికి లెన్సు మీద ఆవిరి పట్టేసింది. గుడ్డతో తుడిస్తే మళ్ళీ పడుతుంది. పావుగంట పైనే పోయింది, ఆలోపు తొలి ఎరుపు అయిపోయింది. కోస్తా ఊళ్ళలో ఏసీ గది తీసుకునేవాళ్ళు కెమెరా సంచిని రాత్రి బాల్కనీలోనో, బాత్‌రూంలోనో, ఏసీ తగలని చోట పెట్టుకోండి. రెండో సంగతి, ఇక్కడి తీరం చూసేది ఆగ్నేయం వైపు. మార్చి నెలలో సూర్యుడు ఎదురుగా కాదు, ఎడమ చేతి పక్కగా లేస్తాడు. పాత రేవు తాలూకు శిథిలాలు ఫ్రేములోకి రావాలంటే ముందురోజు సాయంత్రమే నిలబడే చోటు చూసుకుని ఉండాలి. నేను చూసుకోలేదు, మన ఊరే కదా అనే ధీమా.

ఆరు దాటాక ఆకాశం చప్పగా తెల్లబడిపోయింది. సముద్రం మీద మబ్బు తునక లేదు. పొద్దున్నే ఒడ్డుకి చేరిన తెప్ప పక్కన వల దులుపుకుంటున్న పెద్దాయన నన్నే చూస్తున్నాడు.

"ఏటి బాబూ, అటే సూత్తన్నావు?"

"మబ్బుల కోసం తాతా."

"మబ్బు సముద్రం కాణ్నించి రాదు బాబూ ఈ రోజుల్లో. కొండల కాణ్నించి వత్తాది. సాయంత్రం ఈపు ఇటెట్టి అటు సూడు."

చిన్నప్పట్నించీ వస్తున్న చోటు. ఈ ముక్క నాకు తట్టలేదు. విషయం చాలా తేలిక. మార్చిలో నేల త్వరగా వేడెక్కుతుంది. బంగాళాఖాతం మీంచి తేమ గాలి లోపలికి వెళ్తుంది, మహేంద్రగిరి వైపు కొండలకి కొట్టుకుని పైకి లేస్తుంది. మధ్యాహ్నానికి మబ్బు గోపురాలు కడుతుంది. పై ఎత్తున గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది కాబట్టి సాయంత్రానికి ఆ గోపురాలే తీరం మీదకి నడిచొస్తాయి. అంటే గోపాలపూర్‌లో చూడాల్సిన ఆకాశం ఊరి వెనక ఉంది. సముద్రం గదికి నేను కట్టిన తొమ్మిది వందలు పొద్దున ఆరింటికే నీళ్ళలో పోశానని అర్థమైంది.

తొమ్మిదికల్లా బరంపురం వెళ్ళి టిఫిను చేశాం. పూరీ, దాని పక్కన ఉప్మా, ఒకే ఆకులో. బయటివాళ్ళు నవ్వుతారు గానీ బరంపురంలో ఇది పద్ధతి. పూరీ తుంచి ఉప్మా అద్దుకుని కూరతో తినాలి. పాత బస్టాండు చుట్టుపక్కల బండ్ల మీద తినండి, కూర్చుని తినే హోటళ్ళలో ఉప్మా గట్టిపడి ఉంటుంది. నా అభిప్రాయం ఇది, మా అత్తగారి అభిప్రాయం వేరు.

అక్కణ్నించి కొండల దారి. దిగపహండి మీదుగా తప్తపాణి సుమారు 50 కిలోమీటర్లు. గంధకం వాసన కొట్టే వేడినీటి ఊట ఉంది అక్కడ, పక్కనే కంధీ దేవి గుడి. ఒడిశా పర్యాటక శాఖ వాళ్ళ అతిథి గృహం పంథనివాస్‌లో ఆ ఊట నీళ్ళనే స్నానాల తొట్లకి పెట్టారు. మేం ఉండలేదు, భోజనం చేసి ముందుకు వెళ్ళాం. అన్నం, పప్పు, వేపుడు, పెరుగు. రుచి మామూలే గానీ చుట్టూ సాల చెట్ల నీడ, చప్పుడు లేని చోటు. మబ్బుల కోసం వెళ్ళేవాళ్ళకి ఒక మాట, ఇక్కడ చెట్లు దట్టం కాబట్టి ఆకాశం ముక్కలుగానే కనిపిస్తుంది. కుటుంబంతో ఒక రాత్రి ఉండటానికి బాగుంటుంది, కెమెరాకి కాదు.

కెమెరాకి కావాల్సింది ఇంకా పైన ఉంది. గజపతి జిల్లా చంద్రగిరి దగ్గర జిరంగ్. 1963 నుంచి టిబెటన్లు స్థిరపడిన చోటు. వాళ్ళ పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. కొండల మధ్య పళ్ళెంలా విశాలమైన మైదానం, మొక్కజొన్న చేలు, మధ్యలో బంగారు రంగు కప్పు. చిన్నప్పుడు చలికాలంలో బరంపురం వీధుల్లో స్వెట్టర్లు అమ్మడానికి వచ్చేవాళ్ళు ఎక్కణ్నించి వస్తారో మాకు తెలిసేది కాదు, చాలామంది ఇక్కణ్నించే.

మేం చేరేసరికి రెండున్నర. పడమట కొండల వెనక తెల్లటి మబ్బు గోపురం ఒకటి అప్పుడే తల ఎత్తుతోంది, కాలీఫ్లవర్ లాగా అంచులు తెగినట్టు స్పష్టంగా. ముప్పావుగంటలో దాని తల చదునై కమ్మరి దాగలిలాగా పక్కకి పరుచుకుంది. అడుగు భాగం నీలం నుంచి సీసం రంగుకి తిరిగింది. మధ్యలో ఎండ మా మీదే ఉంది. విహారం కప్పు మెరుస్తోంది, దాని వెనక ఆకాశం పలక రంగులో ఉంది. ఇలాంటి వెలుగు ఐదు నిమిషాలకి మించి ఉండదు. ఎక్స్‌పోజర్ ఒక స్టాపు తగ్గించాను, అంటే కెమెరాలో పడే వెలుతురు సగం చేశాను, ఎందుకంటే కెమెరా నల్లటి మబ్బుని చూసి భయపడి వెలుతురు ఎక్కువ తీసుకుంటుంది, దాంతో కప్పు తెల్లగా పేలిపోతుంది. వైట్ బ్యాలెన్సు ఎండ గుర్తు మీద కట్టేశాను. ఆటోలో పెడితే మబ్బులోని నీలాన్ని అది సరిచేసి పారేస్తుంది, మనకి కావాల్సిందే ఆ నీలం.

మూడూ ముప్పావుకి మా వాడు వాచీ చూడటం మొదలెట్టాడు. గోపాలపూర్ వంద కిలోమీటర్ల పైనే, సగం ఘాట్ రోడ్డు, ఏడూ ముప్పావుకి మ్యాచ్.

"బావా, ఇంక చాలు."

"ఒక్క ఐదు నిమిషాలు. వాన తెర దిగుతోంది చూడు."

"ఆ మాట నువ్వు అరగంట నుంచి చెప్తున్నావు."

ఐదు నిమిషాలు ఇరవై అయ్యాయి. వాన తెర మైదానం దాటి మా మీదకి వచ్చేసింది, మొదటి చినుకు నాణెమంత ఉంది. విహారం బయట చిన్న హోటల్లోకి పరిగెత్తాం. వేడి వేడి థుక్పా, అంటే టిబెటన్ల నూడుల్స్ సూపు, ఇచ్చిందొక ముసలావిడ, వానలో దాన్ని మించింది లేదు. బయల్దేరేసరికి ఐదు. తప్పు నాదే, ఒప్పుకుంటాను.

ఘాట్ దిగుతుంటే రోడ్డు మీద విరిగిన కొమ్మలు. దిగపహండి చేరేసరికి ఏడూ నలభై. ఇంక లాభం లేదని రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆపి, ఫోన్ని పంచదార డబ్బాకి ఆనించి మ్యాచ్ పెట్టాడు. కొట్టు టీవీలో ఎన్నికల వార్తలు. ఆ మధ్యాహ్నమే ఎన్నికల తేదీలు ప్రకటించారు, బరంపురం లోక్‌సభ సీటుకీ మన ఆంధ్రాకీ ఒకే రోజు, మే 13న అని. టీ తాగడానికి వచ్చినవాళ్ళు టీవీ వదిలేసి ఫోన్ చుట్టూ మూగారు. ఒకాయన "ఇది కబడ్డీయా, ఫుట్‌బాలా?" అని అడిగాడు. రెండూ కలిపిందనుకోమన్నాడు మా వాడు. బంతిని చేత్తో ముందుకి విసరకూడదు, వెనక ఉన్నవాడికే ఇవ్వాలి, అలా ఇస్తూనే అందరూ ముందుకి పోవాలి, అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే అది ట్రై, ఐదు పాయింట్లు. "వెనక్కి ఇస్తూ ముందుకి ఎలా పోతార్రా?" అన్నాడాయన. చూస్తూ చూస్తూ పట్టుకున్నాడు. రెండో సగం మొదలయ్యేసరికి మాకంటే ఆయనే ఎక్కువ అరుస్తున్నాడు, అదీ ఇటలీ తరఫున.

ఇటలీ మొదట్నించీ ముందే ఉంది. ఒక దశలో 24-7. చివర్లో వేల్స్ రెండు ట్రైలు చేసి 24-21 దాకా వచ్చింది గానీ టైము అయిపోయింది. 2003 తరవాత వేల్స్ ఆఖరి స్థానంలో మిగలడం ఇదే మొదటిసారి. అలా మిగిలినవాళ్ళకి చెక్క గరిటె అని పేరు పెడతారట. "ఉప్మా కలపడానికి పనికొస్తుందిలే" అన్నాను. బరంపురం దాకా మాట్లాడలేదు.

లాడ్జికి చేరేసరికి పదిన్నర, రెండో మ్యాచ్ మొదలైపోయింది. వైఫై అసలు రూపం అప్పుడు చూశాం. గదిలో ఒక గీత, అదీ ఊగుతూ. బొమ్మ ఆగి, తిరిగి, ఆగి, చివరికి ఆటగాళ్ళు చదరపు ముక్కలుగా మారిపోయారు. కింద కౌంటర్లో అడిగితే "సముద్రం గాలికి సార్" అన్నాడు కుర్రాడు. సముద్రం గాలికి తుప్పు పడుతుంది గానీ వైఫై కూడా పడుతుందని నాకు తెలీదు. ఆఖరికి మొబైల్ డేటా మీదే నడిపించాం. ఐర్లాండ్ 17-13తో స్కాట్లాండ్‌ని గెలిచి వరసగా రెండో ఏడాది టైటిల్ ఉంచుకుంది.

స్కాట్లాండ్ ఓడిందని మా వాడు కాస్త తేరుకున్నాడు, తన బాధ పంచుకునేవాడు దొరికినట్టు. అప్పుడే ఒక కథ చెప్పాడు. స్కాట్లాండ్, ఇంగ్లాండ్ ఏటా ఆడుకునే కప్పు పేరు కలకత్తా కప్పు. కలకత్తాలో తెల్లవాళ్ళ రగ్బీ క్లబ్బు మూతపడినప్పుడు బ్యాంకులో మిగిలిన డబ్బుని వెండి రూపాయలుగా తీసి, కరిగించి, ఆ కప్పు చేయించారట. పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. మన రూపాయలు కరిగించిన కప్పు కోసం వాళ్ళు 1879 నుంచీ కొట్టుకుంటున్నారు. రగ్బీ మనకి కొత్త అనుకునేవాళ్ళకి ఇంకోటి కూడా చెప్పాలి. భువనేశ్వర్‌లో గిరిజన పిల్లలు చదువుకునే విద్యాసంస్థ కిస్ విద్యార్థులు 2007లో లండన్ వెళ్ళి పద్నాలుగేళ్ళలోపు పిల్లల స్కూలు రగ్బీ పోటీ గెలిచొచ్చారు. కాలికి బూట్లు అలవాటు లేని పిల్లలు ఆ జట్టులో ఉన్నారు.

పన్నెండున్నరకి కరెంటు పోయింది. జనరేటర్ ఉందన్నారు, లిఫ్టుకి తప్ప దేనికీ రాదు. గాలి కోసం డాబా ఎక్కాం. అక్కడ చూశాను, సాయంత్రం కొండల మీద మేం వదిలేసి వచ్చిన తుఫాను మబ్బు మమ్మల్ని దాటుకుని సముద్రం మీదకి వెళ్ళిపోయింది. చాలా దూరాన, ఉరుము వినిపించనంత దూరాన, మబ్బు లోపల్నించి వెలుగుతోంది. సప్తమి చంద్రుడు దిగిపోయాడు, ఊరంతా చీకటి. అంతకంటే ఏం కావాలి? పెద్దాయన మాట పగటికే, రాత్రికి సముద్రం వైపే తిరగాలన్నమాట.

మెరుపుల దగ్గర డాబా మీద నిలబడటం తెలివైన పని కాదు, ఇది ముందే చెప్పాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్ల కంటే తక్కువ ఉంటే, అంటే పది కిలోమీటర్ల లోపు ఉంటే, లోపలికి పోవాలి. చివరి ఉరుము తరవాత అరగంట దాకా బయటికి రాకూడదు. మాకు ఉరుమే లేదు కాబట్టి మెట్ల గది గుమ్మం దగ్గర స్టాండు పెట్టాను. ఫోకస్ దూరపు దీపం మీద చేతితో కట్టేసి, ఒక్కో బొమ్మకి పదిహేను సెకన్లు చొప్పున, ఒకదాని వెనక ఒకటి దానంతటదే తీసుకునేలా పెట్టి వదిలేశాను. మెరుపు చూసి బటన్ నొక్కుదామనుకుంటే ఎప్పుడూ ఆలస్యమే.

అలా కెమెరా దాని పని చేసుకుంటుంటే, మెట్ల మీద కూర్చుని ఒకటిన్నరకి మూడో మ్యాచ్ పెట్టాం. పారిస్ స్టేడియం ఒలింపిక్స్ కోసం సిద్ధమవుతోందని ఆ ఏడాది ఫ్రాన్స్ తన ఇంటి మ్యాచ్‌లు వేరే ఊళ్ళలో ఆడింది, ఇది లియాన్‌లో. టైటిల్ అప్పటికే ఐర్లాండ్‌కి పోయింది కదా, ఇంక ఇందులో ఏముంటుంది అనుకున్నాను. ఆ రోజు చూసిన వాటిలో ఇదే అసలు మ్యాచ్. ఫ్రాన్స్ ముందుకి, ఇంగ్లాండ్ ముందుకి, మళ్ళీ ఫ్రాన్స్. చివరి ఐదు నిమిషాల్లో ఇంగ్లాండ్ ఒక ట్రై చేసి 31-30తో ముందుకి వచ్చింది. మూడుంబావు అయింది, ఫోన్ బ్యాటరీ నాలుగు శాతం. చార్జింగ్ పెట్టడానికి కరెంటు లేదు. ఆఖరి క్షణాల్లో ఫ్రాన్స్‌కి పెనాల్టీ వచ్చింది, మైదానం మధ్య గీత దగ్గర్నించి. ఫ్రాన్స్ ఆటగాడు రామోస్ బంతి నిలబెట్టి నాలుగడుగులు వెనక్కి వేశాడు. మా వాడు ఫోన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు, దీపం ఆరిపోకుండా పట్టుకున్నట్టు. బంతి లేచింది, కర్రల మధ్యలోంచి పోయింది. 33-31. మేం అరిచిన అరుపుకి కింద అంతస్తులో ఎవరో తలుపు తీశారు. రెండు నిమిషాలకి ఫోన్ ఆరిపోయింది.

కెమెరాలో మొత్తం నాలుగు వందల పైచిలుకు బొమ్మలు. ఎక్కువ భాగం చీకటే. మూడింటిలో మెరుపు మబ్బు తల నుంచి నీళ్ళ దాకా వేళ్ళూనినట్టు దిగింది. అందులో ఒకటి 3:17కి తీసింది. సరిగ్గా ఆ టైములో మేమిద్దరం దానికి వీపు పెట్టి ఫోన్ చూస్తున్నాం.

ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకున్నాం. లేచాక రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి వెళ్ళాం, ఫిబ్రవరి, మార్చిలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే ఇసక. మాకు ఒక్కటీ కనిపించలేదు. రాత్రిపూట వెళ్ళేవాళ్ళు ఫ్లాష్ వాడొద్దు, టార్చి కూడా వద్దు, వెలుగు చూస్తే అవి వెనక్కి తిరిగిపోతాయి. సాయంత్రం గోపాలపూర్ దీపస్తంభం ఎక్కాం, కాసేపే ఎక్కనిస్తారు కాబట్టి ముందుగా వెళ్ళాలి. ఇది నా లెక్కలో మొత్తం ప్రయాణంలో అతి చవకైన, అతి మంచి చోటు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ఉప్పుటేరు, దాని వెనక కొండలు, రెండు ఆకాశాలూ ఒకే చోట నుంచి. ఆ రోజు మబ్బు గోపురం రాలేదు. అడుగున నారింజ రంగు పూసిన చిన్న చిన్న తునకలు మాత్రం పడమటంతా పరుచుకున్నాయి. కింద ఊళ్ళో మనుషులు గోడల మీద ఎన్నికల పోస్టర్లు గీకి తీస్తున్నారు.

సోమవారం పొద్దున గది ఖాళీ చేస్తూ కౌంటర్ కుర్రాడితో వైఫై సంగతి, జనరేటర్ సంగతి చెప్పాను. తల ఊపాడు. బిల్లులో మాత్రం ఏమీ తగ్గలేదు. సరిహద్దు దగ్గర తనిఖీ చేశారు. ఎన్నికల కోడ్ వచ్చింది కదా, యాభై వేలకి మించి నగదు ఉంటే కాగితం చూపించాలి. మా దగ్గర రెండు వేలు కూడా లేవు. కెమెరా స్టాండు సంచీ చూసి ఇదేమిటని పది నిమిషాలు అడిగారు, మర్యాదగానే.

మరుసటి ఏడాది, 2025లో, ఆఖరి రోజు మార్చి 15న, మళ్ళీ శనివారమే. వేల్స్ - ఇంగ్లాండ్ ఉంది, కాబట్టి మా వాడు రాకుండా ఉండడనుకున్నాను. బయల్దేరే ముందు డాబా మీద పడమటి వైపు చిన్న గది ఒకటి చూశాను, కిటికీ తెరిస్తే నేరుగా కొండలు, మెట్ల గదికి ఆనుకునే ఉంది. అద్దె ఎంత అని అడిగితే కుర్రాడు తెల్లబోయాడు.

"అది గది కాదు సార్, పరుపులు పెట్టుకుంటాం."

పరుపులతో సహా ఇమ్మన్నాను. మేనేజర్ని అడిగి ఫోన్ చేస్తానన్నాడు.